బడిలో డబ్బు లెక్క: సంచయిక నుంచి సంఘం దాకా

ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పులిచ్చింది ఎంత, వసూలైంది ఎంత అని పట్టికలు వేస్తున్నాం. ఈసారి ఒక పాత సంగతి కూడా రాయాలనుకున్నాం. డబ్బు లెక్క మనం ఎక్కడ నేర్చుకున్నాం? మన పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి?

మన పల్లెల్లో పెద్దవాళ్ళకు ‘సంచయిక’ అనే మాట గుర్తుండే ఉంటుంది. 1970ల తర్వాత చాలా బళ్ళలో ఈ పొదుపు బ్యాంకు నడిచేది. పావలా, అర్ధరూపాయి తెచ్చిన పిల్లలకు చిన్న పాసుపుస్తకం ఇచ్చేవారు. పద్దు రాసేది కూడా పిల్లలే, పైన ఒక అయ్యవారు చూసుకునేవారు. పోగైన డబ్బు పోస్టాఫీసుకు చేరేది. మంచి పనే. కానీ ఆ రోజుల్లో బడికి పోయిన ఆడపిల్లలు ఎందరు? మనలో చాలామందిమి అప్పుడు తమ్ముళ్ళను ఎత్తుకునో, కలుపు తీస్తూనో ఉన్నాం. ఆ పాఠం మన గడప దాకా రాలేదు.

మనకు పాఠం వచ్చింది రాత్రి బడిలో. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టిన ఆడవాళ్ళకు వాచకంలో తమ బతుకే కనిపించింది. మగవాడి కూలి సారా అంగడికి పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నదే అందులో కథ. దూబగుంట మహిళలు సారాకు ఎదురు తిరిగారు. ఆ సంగతి తర్వాతి వాచకంలో పాఠమై ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

సారా ఆగితే ఇంట్లో నాలుగు రూపాయలు మిగిలాయి. మిగిలింది ఎక్కడ దాచాలి? అక్కడి నుంచే నెల్లూరులో ‘పొదుపు లక్ష్మి’ పుట్టింది. రోజుకో రూపాయి, నెలకు ముప్ఫై. 1992లో నాబార్డు దేశం మొత్తంమీద 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాలు పెరిగాయి, 2000 తర్వాత వెలుగు వచ్చింది. సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు అనే పంచసూత్రాలే మన బడి. పావలా వడ్డీ అంటే ఏడాదికి నూటికి మూడు రూపాయలని, షావుకారు అడిగే ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఇరవై నాలుగు రూపాయలని అక్కడే తెలుసుకున్నాం.

అయినా అన్నీ నేర్చేసుకున్నామని చెప్పుకోలేం. 2010 నాటి సంగతి మరువరానిది. ఇంటి ముందుకే వచ్చి అప్పులిచ్చిన కంపెనీల కాగితాలపై మనవాళ్ళు సంతకాలు పెట్టారు. సంతకం వచ్చింది గానీ లెక్క రాలేదు. పదివేల అప్పుకు 12 శాతం ‘ఫ్లాట్’ వడ్డీ, 12 నెలల వాయిదాలు అనుకుందాం. మొత్తం 11,200 కట్టాలి. నూటికి రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే పడుతుంది. సరిగ్గా లెక్క వేస్తే ఏడాదికి 21 శాతం దాటుతుంది. అంటే రూపాయి ముప్పావలా పైమాటే. ఒక వాయిదా కట్టడానికి ఇంకో చోట అప్పు, అది తీర్చడానికి మరో చోట. ఇళ్ళల్లో ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలని, వడ్డీ ఎంతో అందరికీ కనబడేలా పెట్టాలని, వడ్డీ మొత్తం అసలును మించరాదని అందులో రాశారు. చట్టం మేలు చేసింది. కానీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ‘ఎంత పడుతుంది?’ అని అడగడం చట్టం నేర్పదు, బడి నేర్పాలి.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. బ్రెజిల్ దేశంలో 2010, 2011లో ఆరు రాష్ట్రాల్లో తొమ్మిది వందలకు దగ్గరగా హైస్కూళ్ళలో ఈ పాఠాలు పెట్టి చూశారు. వేరే పీరియడ్ పెట్టకుండా లెక్కలు, భాష వంటి పాఠాల్లోనే కలిపి చెప్పారు. పిల్లల్లో పొదుపు పెరిగింది, ఇంటి ఖర్చుల మాటల్లో తల్లిదండ్రులూ కలిశారు. అయితే వాయిదాల మీద వస్తువులు కొనడం కూడా ఆ పిల్లల్లో పెరిగింది. అంటే దాచుకోవడం ఒక్కటే చెప్తే సరిపోదు, అప్పు సంగతి కూడా విడమరిచి చెప్పాలి.

మన దేశంలోనూ దారి తెరిచే ఉంది. 2013లో ఆర్థిక విద్యకు జాతీయ కేంద్రం ఏర్పడింది. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి 2014లో రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది. కానీ ఖాతా ఉన్నంత మాత్రాన లెక్క రాదని మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? ఇప్పుడు అప్పు ఇంటి ముందుకు కూడా రానక్కర్లేదు, పిల్లల చేతిలోని ఫోన్‌లోకే వస్తోంది.

అందుకే ఒక మాట అనుకున్నాం. మన గ్రామ సంఘాల పుస్తకాలు రాసే చెల్లెళ్ళు తమ ఊరి హైస్కూలుకు వెళ్ళి, హెడ్మాస్టరు గారి అనుమతితో తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఫ్లాట్ వడ్డీ లెక్క చేయించాలి. మన తీర్మాన పుస్తకం, పొదుపు పుస్తకం చూపించి పద్దు ఎలా రాస్తామో చెప్పాలి. మీరు కూడా ఈ నెల సంఘం సమావేశం అయ్యాక పాసుపుస్తకం బీరువాలో పెట్టేయకండి. ముందు మీ అమ్మాయి చేత, అబ్బాయి చేత ఒకసారి చదివించండి. తప్పు దొరికితే మనకే మంచిది.