బిన్స్‌వాంగర్ వ్యాధి

బిన్స్‌వాంగర్ వ్యాధి మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం వలన కలిగే ఒక రకమైన డిమెన్షియా. దీనిని 1894లో ఆటో బిన్స్‌వాంగర్ వర్ణించాడు. 1902లో అలోయిస్ ఆల్జైమర్ దీనికి ఆయన పేరు పెట్టాడు.

కారణాలు

మెదడు లోపలి తెల్ల పదార్థం నాడీతంతువులతో ఏర్పడింది. ఇవి మెదడులోని వివిధ భాగాలను కలుపుతాయి. దీర్ఘకాలం అధిక రక్తపోటు ఉంటే సన్నని ధమనుల గోడలు మందమెక్కి, రక్తప్రసరణ తగ్గుతుంది. ఫలితంగా తంతువులపై ఉండే మయలిన్ పొర క్రమంగా నశిస్తుంది. మధుమేహం, పొగత్రాగడం ఈ ముప్పును పెంచుతాయి.

లక్షణాలు

ఆలోచన మందగించడం, పనులను వరుసక్రమంలో చేయలేకపోవడం ముఖ్య లక్షణాలు. నడక తడబడుతుంది. కొందరు మూత్రాన్ని ఆపుకోలేరు. ఆల్జైమర్ వ్యాధిలో వలె జ్ఞాపకశక్తి మొదట్లోనే అంతగా తగ్గదు. అందువలన ఈ మార్పులను వృద్ధాప్య సహజమని పొరబడే అవకాశం ఉంది.

నిర్ధారణ, నివారణ

ఎమ్.ఆర్.ఐ. స్కాన్‌లో తెల్ల పదార్థంలో మచ్చలు కనిపిస్తాయి. ఆరోగ్యవంతులైన వృద్ధులలో కూడా ఇవి ఉండవచ్చు కనుక, లక్షణాలతో పోల్చి చూసి వ్యాధిని నిర్ధారిస్తారు. నశించిన తంతువులను పునరుద్ధరించే చికిత్స లేదు. రక్తపోటును అదుపులో ఉంచడమే ప్రధాన మార్గం. అధిక రక్తపోటు ఉన్నవారిపై జరిపి, 2019లో ఫలితాలు ప్రకటించిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో, పై రక్తపోటును 140కి బదులు 120 లోపుకు తగ్గించాలని చికిత్స చేసినవారిలో ఈ మచ్చలు తక్కువగా పెరిగాయి. అయితే డిమెన్షియా తగ్గినట్లు స్పష్టంగా తేలలేదు.