పాత పెట్టె - కొత్త విమానం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చేసి చూసినవాణ్ణి నేను. మూడోది వాళ్ళు చెప్పలేదు గనక నేను చెబుతున్నాను: పాత కంప్యూటరును బాగుచేయించి, దాంతో విమానం నడిపి చూడు!

మా యింటి కంప్యూటరు 2005లో కొన్నది. ఆ ఏడే మా అమ్మాయి బేగంపేటలో విమానమెక్కి షికాగో వెళ్ళిపోయింది. దాని మొహం తెర మీదైనా చూసుకుందామని కొన్నాం. పెంటియం 4, 512 మెగాబైట్ల మెమరీ. అప్పట్లో మా వీధిలో అదో గొప్ప. పదిహేనేళ్ళు తిరిగేసరికి దానికీ నాకూ ఒకటే జబ్బు వచ్చింది. పొద్దున్న లేవడానికి ఇద్దరికీ చాలాసేపు పడుతుంది.

2020 సెప్టెంబరులో మనవడు ఫోను చేశాడు. కరోనా రోజులు. మార్చి 23 నుంచీ మన దేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలు లేవు. వేసవికి రావలసినవాళ్ళు రాలేదు.

"తాతయ్యా, కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. నువ్వూ పెట్టుకో. మనిద్దరం పక్కపక్కనే ఎగరొచ్చు" అన్నాడు.

"నా దగ్గర పాతది ఉందిగా నాన్నా" అన్నాను. అల్లుడు ఎప్పుడో తెచ్చిచ్చిన 2003 నాటి ఫ్లైట్ సిమ్యులేటర్ డిస్కులున్నాయి. రిటైరయ్యాక అదే నా కాలక్షేపం.

"అది కాదు తాతయ్యా" అని నవ్వాడు వాడు.

ఎందుకు కాదో మర్నాడు తెలిసింది. కొత్తదానికి తక్కువలో తక్కువ 8 గిగాబైట్ల మెమరీ, డిస్కులో 150 గిగాబైట్ల ఖాళీ స్థలం, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 10, వేగమైన ఇంటర్నెట్ కావాలిట. మా పెట్టె మొత్తం డిస్కే 80 గిగాబైట్లు!

కౌపీన సంరక్షణార్థం సన్న్యాసి పిల్లిని పెంచిన కథ మీకు తెలిసిందే. పిల్లికి పాలకోసం ఆవు, ఆవుకి మేతకోసం పొలం, ఆఖరికి సంసారం. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో మెకానిక్కు కుర్రాడు నాకు అదే కథ వేరే మాటల్లో చెప్పాడు. "మెమరీ వేస్తే చాలు కదా బాబూ?" అన్నాను. కొత్త మెమరీ పాత బోర్డు గాడిలో పట్టదు సార్, అన్నాడు. బోర్డు మారిస్తే పాత ప్రాసెసరు కూర్చోదు. గ్రాఫిక్స్ కార్డు పెడితే పాత పవర్ సప్లై దాని ఆకలి తీర్చలేదు. పైగా ఆ కార్డు పొడుగు మా క్యాబినెట్ వెడల్పుని మించిపోయింది! చివరికి నా పాత కంప్యూటరులోంచి కొత్తదానిలోకి వచ్చింది మౌస్ ఒక్కటే.

డబ్బు సంగతి మా ఆవిడకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ బస్సులో వచ్చాను. రెండు నెలల పెన్షను మరి.

అసలీ నేల మీది విమానాలకి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అనే ఊళ్ళో ఒకాయనకి పియానోలూ ఆర్గన్లూ తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆయన కొడుకు ఎడ్విన్ లింక్. విమానం నేర్చుకోవడం ఖరీదుగా ఉందని, ఆర్గన్లలో వాడే తోలుతిత్తులతోనే అటూ ఇటూ ఒరిగే ఒక బుల్లి విమానాన్ని 1929 నాటికి తయారుచేశాడు. మొదట అది తిరనాళ్ళలో రంగులరాట్నం లాంటి వేడుకగానే చెల్లింది. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని నెత్తికెత్తుకుని, మబ్బుల్లో దారి తెలియక పైలట్లు చనిపోయాక, ఆ పెట్టెల విలువ తెలిసొచ్చి ఆరు కొన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో వేలాదిమంది వాటిలోనే కళ్ళు మూసుకుని ఎగరడం నేర్చారు.

దాన్ని కంప్యూటరు తెర మీదికి తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో ఈ విషయం మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. ఆపిల్ 2 కంప్యూటరు మీద నడిపించాడు. 1982లో మైక్రోసాఫ్టు పేరుతో ఐబీఎం పీసీకి వచ్చింది. దానికి కావలసిన మెమరీ 64 కిలోబైట్లు! ఇప్పటి 8 గిగాబైట్లతో పోలిస్తే లక్షా ముప్పైఒక్క వేలో వంతు. అప్పటికీ అది గడుసుపిండమే. ఐబీఎంకి నకళ్ళు చేసే కంపెనీలు తమ కంప్యూటరు అచ్చంగా అసలులాంటిదే అని నిరూపించుకోవాలంటే ఈ ప్రోగ్రాము నడిపి చూపించాల్సి వచ్చేదిట. అంటే, పుట్టిననాటినుంచీ ఇది కంప్యూటర్లకి పరీక్షాధికారి అన్నమాట. నా పెట్టె తప్పిందంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంతకీ ఎందుకింత ఆకలి? విమానం కదులుతున్నట్టు కనిపించాలంటే సెకనుకి ఇరవై ముప్పై బొమ్మలు కొత్తగా గీయాలి. 1982లో నేలంటే నాలుగు గీతలు. ఇప్పుడు ఉపగ్రహాలూ విమానాలూ తీసిన ఫొటోలతో భూగోళమంతా ఉంది. అది ఎవరింట్లోనూ పట్టదు గనక, మనం ఎగురుతుంటే కింద నేల ఇంటర్నెట్‌లోంచి వచ్చి పరుచుకుంటుంది.

కొత్త పెట్టె వచ్చింది. మనవడూ నేనూ షికాగో మీద ఎగిరాం. "మేగ్స్ ఫీల్డ్ నుంచి బయల్దేరదాం రా" అన్నాను. పాత ప్రోగ్రాముల్లో చాలాకాలం విమానం మొదలయ్యే చోటు అదే, మిషిగన్ సరస్సు ఒడ్డున. "అలాంటిదేం లేదు తాతయ్యా" అన్నాడు వాడు. నిజమే. 2003 మార్చి 30 రాత్రి ఆ ఊరి మేయరు రిచర్డ్ డేలీ బుల్డోజర్లు పంపి రన్‌వే తవ్వించేశాడు. ఇప్పుడక్కడ పార్కు. ఆ ఏడే వచ్చిన నా పాత డిస్కుల్లో మాత్రం మేగ్స్ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 2006 నాటి దానిలో తీసేశారు.

నాకు చటుక్కున తట్టింది. నా పాతదానిలో హైదరాబాదంటే బేగంపేటే! 2008 మార్చిలో షంషాబాదు మొదలయ్యాక ప్రయాణికుల విమానాలు అక్కణ్ణుంచి వెళ్ళిపోయాయి గాని, నా పాత పెట్టెలో ఇంకా 2003వ సంవత్సరమే.

మెకానిక్కు కుర్రాడు పాతదానికి ఎనిమిదొందలు ఇస్తానన్నాడు. నేను తలూపబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమండీ, దాన్లో అమ్మాయి ఎక్కిన ఏరోడ్రోము ఉందన్నారు కదా?"

"ఉంది."

"అయితే అదెక్కడికీ పోదు" అంది. రెండు నెలల పెన్షను గురించి మాత్రం ఇప్పటికీ ఏమీ అడగలేదు.

2022 మార్చి 27న మళ్ళీ మామూలు విమానాలు మొదలయ్యాయి. వేసవికి అమ్మాయీ మనవడూ వచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పాత పెట్టె ఫ్యాను గుయ్యిమంటోంది. తెర మీద బేగంపేట రన్‌వే, చుట్టూ పచ్చరంగు పూసిన పలకలాంటి నేల. వాడు ముందు కూర్చున్నాడు, వాళ్ళమ్మ వెనక నుంచుంది.

"ఇంత చిన్నదా అమ్మా?"

"ఆఁ. తాతయ్యా, అమ్మమ్మా ఇదిగో ఇక్కడ నుంచున్నారు" అని తెర అంచు మీద వేలు పెట్టి చూపించింది.

అక్కడ బొమ్మలో ఏమీ లేదు. వాడు మాత్రం విమానాన్ని మెల్లిగా అటు తిప్పాడు.