మాయాబజార్ పెడితే టీవీలో వేరే పేరు వస్తోందా? అసలు కారణం ఇదే.. ఇలా సరిచేసుకోండి!

ఇంట్లో పాత డీవీడీలు, వీసీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, వైఫై ద్వారా టీవీలోనో ఫోన్‌లోనో చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. అనంతపురం లాంటి జిల్లాల్లో, ముఖ్యంగా సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఇది బాగా పనికొస్తుంది. సినిమా ఇంట్లోని హార్డ్ డిస్క్ నుంచే వస్తుంది కాబట్టి మొబైల్ డేటా ఖర్చు కాదు. కానీ ఒక చిక్కుంది. ఫైల్ పేరు 'మాయాబజార్' అని ఉంటుంది, టీవీలో మాత్రం ఇంకో సినిమా పేరు, ఇంకో పోస్టర్ కనిపిస్తాయి. కొన్నిసార్లు 'డీవీడీ_వీడియో' అనో 'టైటిల్_టీ00' అనో వస్తుంది. మరి ఎందుకిలా జరుగుతుంది? ఎలా సరిచేయాలి? తెలుసుకుందాం.

ఒక్క సినిమాకు మూడు పేర్లు

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఒక వీడియోకు మూడు చోట్ల పేరు ఉంటుంది.

మొదటిది ఫైల్ పేరు. ఇది మనం పెట్టేది. రెండోది ఫైల్ లోపల దాగి ఉండే టైటిల్. డిస్క్ నుంచి సినిమా తీసిన సాఫ్ట్‌వేర్ దీన్ని రాస్తుంది. మనం ఫైల్ పేరు ఎన్నిసార్లు మార్చినా ఇది మాత్రం మారదు. మూడోది ప్లెక్స్, జెల్లీఫిన్, కోడి లాంటి యాప్‌లు ఇంటర్నెట్‌లోని సినిమా డేటాబేస్ నుంచి తెచ్చుకునే పేరు. పోస్టర్, నటీనటులు, కథ కూడా అక్కడి నుంచే వస్తాయి.

ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి

1. అదే ఫైల్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ఓపెన్ చేయండి. విండో పైభాగంలో తప్పు పేరు వస్తే, సమస్య ఫైల్ లోపలి టైటిల్‌లో ఉంది.

2. వీఎల్‌సీలో సరిగ్గానే ఉండి, ప్లెక్స్‌లోనో జెల్లీఫిన్‌లోనో తప్పుగా వస్తే, ఆ యాప్ వేరే సినిమాతో జత కలిపిందని అర్థం.

3. కంప్యూటర్‌లో అంతా సరిగ్గా ఉండి ఒక్క టీవీలోనే పాత పేరు వస్తుంటే, టీవీ పాత సమాచారాన్నే పట్టుకుని కూర్చుందన్నమాట. టీవీని స్విచ్ దగ్గర ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ మారకపోతే యాప్ క్యాష్ క్లియర్ చేయండి.

ఫైల్ లోపలి టైటిల్ తప్పైతే

ఎంపీ4 ఫైల్ అయితే వీఎల్‌సీలోనే 'టూల్స్' మెనూలో 'మీడియా ఇన్ఫర్మేషన్'కి వెళ్లి, టైటిల్ మార్చి, 'సేవ్ మెటాడేటా' నొక్కండి. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'ప్రాపర్టీస్'లోని 'డీటెయిల్స్'లోనూ మార్చుకోవచ్చు.

ఎంకేవీ ఫైల్ అయితే 'ఎంకేవీటూల్‌నిక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి. అందులో 'హెడర్ ఎడిటర్' ఓపెన్ చేస్తే 'సెగ్మెంట్ ఇన్ఫర్మేషన్' కింద టైటిల్ కనిపిస్తుంది. దాన్ని మార్చండి, లేదా పూర్తిగా తీసేయండి. సినిమాను మళ్లీ కన్వర్ట్ చేయాల్సిన పనిలేదు, వీడియో క్వాలిటీ కూడా తగ్గదు.

వందల ఫైళ్లు ఉంటే ఒక్కొక్కటీ మార్చడం కష్టం. అలాంటప్పుడు యాప్‌కే చెప్పేయొచ్చు. జెల్లీఫిన్ లైబ్రరీ సెట్టింగ్స్‌లో ఫైల్ పేరు కంటే లోపలి టైటిల్‌కే ప్రాధాన్యం ఇచ్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ప్లెక్స్‌లో లైబ్రరీ 'అడ్వాన్స్‌డ్' సెట్టింగ్స్‌లో 'ప్రిఫర్ లోకల్ మెటాడేటా', కోడిలో 'యూజ్ వీడియో ట్యాగ్స్' చెక్ చేయండి.

యాప్ వేరే సినిమా అనుకుంటే

తెలుగు సినిమాలకు ఇదే పెద్ద తలనొప్పి. ఎందుకంటే మనకు ఒకే పేరుతో చాలా సినిమాలున్నాయి. 'దేవదాసు' 1953లో అక్కినేనితో, 1974లో కృష్ణతో, 2006లో రామ్‌తో వచ్చింది. 'మల్లీశ్వరి' 1951లోనూ ఉంది, 2004లోనూ ఉంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' 1957 నాటిది. అదే పేరుతో 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ సినిమా కూడా వచ్చింది. ఫైల్ పేరులో సంవత్సరం లేకపోతే యాప్ ఏదో ఒకటి ఊహించేస్తుంది.

అందుకే ప్రతి సినిమాకు ఒక ఫోల్డర్ పెట్టి, ఫోల్డర్‌కూ ఫైల్‌కూ ఒకే పేరు ఇవ్వండి. 'మాయాబజార్ (1957)' అన్నట్టు పేరు పక్కన సంవత్సరం బ్రాకెట్లో ఉండాలి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, డేటాబేస్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాస్తే తేలిగ్గా దొరుకుతుంది.

ఆ తర్వాత లైబ్రరీని మళ్లీ స్కాన్ చేయండి. అప్పటికీ మారకపోతే ప్లెక్స్‌లో సినిమా పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'ఫిక్స్ మ్యాచ్', జెల్లీఫిన్‌లో అయితే 'ఐడెంటిఫై' ఎంచుకుని సరైన సినిమాను చూపించండి. కోడిలో సినిమా సమాచారం పేజీలో 'రిఫ్రెష్' నొక్కాలి.

సంవత్సరం ఇచ్చినా తప్పే వస్తే?

'మాయాబజార్'నే తీసుకోండి. 1957లోనే అది తెలుగులోనూ, తమిళంలోనూ వచ్చింది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. సంవత్సరం ఒకటే కాబట్టి యాప్ తమిళ సినిమా పోస్టర్ తెచ్చి పెట్టే అవకాశముంది. అనంతపురం ఫ్యాక్షన్ నేపథ్యంలో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రక్త చరిత్ర' రెండు భాగాలూ 2010లోనే విడుదలయ్యాయి. అక్కడా తికమక తప్పదు.

ఇలాంటప్పుడు సినిమా నంబర్ ఇవ్వడమే మార్గం. 'టీఎండీబీ' వెబ్‌సైట్‌లో ప్రతి సినిమాకు ఒక నంబర్ ఉంటుంది, పేజీ అడ్రస్‌లోనే అది కనిపిస్తుంది. ఫోల్డర్ పేరు చివర దాన్ని చేర్చండి. ప్లెక్స్‌కైతే మీసాల బ్రాకెట్లలో 'టీఎండీబీ' అని రాసి, అడ్డగీత పెట్టి నంబర్ వేయాలి. జెల్లీఫిన్‌కైతే చతురస్ర బ్రాకెట్లలో 'టీఎండీబీఐడీ' అని రాసి అలాగే నంబర్ ఇవ్వాలి. ఈ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

వీసీడీ, 'త్రీ ఇన్ వన్' డీవీడీ ఉన్నవాళ్లకు

వీసీడీలో సినిమా 'ఏవీసెక్01.డాట్' అనే పేరుతో ఉంటుంది. ఏ డిస్క్ తీసినా దాదాపు ఇదే పేరు. కాబట్టి కాపీ చేసిన వెంటనే పేరు మార్చకపోతే ఒకదాని మీద ఒకటి పడి పాత సినిమా పోయే ప్రమాదముంది. రెండు డిస్కుల సినిమా అయితే ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పేర్ల చివర 'పార్ట్1', 'పార్ట్2' అని ఇంగ్లిష్‌లో రాయండి. లేదంటే ఇంటర్వెల్ తర్వాతి భాగం ఇంకో సినిమాలా కనిపిస్తుంది.

ఒకే డీవీడీలో మూడు సినిమాలుంటే మూడింటికీ ఆ డిస్క్ పేరే లోపలి టైటిల్‌గా రావచ్చు. ఒక్కోటి ఓపెన్ చేసి చూశాకే పేరు పెట్టండి.

పేరే కదా అని వదిలేస్తే?

పేరు తప్పైతే నష్టం పోస్టర్‌తో ఆగదు. పిల్లల ప్రొఫైల్‌లో ఏ సినిమా కనిపించాలో యాప్ నిర్ణయించేది ఆ జత కలిసిన సినిమా సర్టిఫికెట్‌ను బట్టే. పెద్దల సినిమా పొరపాటున పిల్లల సినిమాగా నమోదైతే లాక్ పనిచేయదు.

ఇంకోటి. రెండు వేర్వేరు ఫైళ్లను ఒకే సినిమాగా యాప్ భావిస్తే, రెండు కాపీలున్నట్టు చూపిస్తుంది. ఒకటి ఎక్స్‌ట్రా అనుకుని డిలీట్ చేస్తే అసలు సినిమానే పోతుంది. ఇంట్లోవాళ్ల పెళ్లి వీడియో అయితే మళ్లీ దొరకదు. అందుకే పెళ్లి, శుభకార్యాల వీడియోలను సినిమాల లైబ్రరీలో కలపకండి. 'హోమ్ వీడియోస్' రకంతో వేరే లైబ్రరీ పెట్టండి. అప్పుడు యాప్ వాటిని ఏ సినిమాతోనూ జత కలపదు.

ఇవి గుర్తుపెట్టుకోండి

* ఏ మార్పు చేసే ముందైనా ఒక కాపీ వేరే డిస్క్‌లో ఉంచండి. కరెంటు వచ్చిపోతున్న టైంలో టైటిల్ సేవ్ చేయకండి. మధ్యలో ఆగితే ఫైల్ పాడవ్వొచ్చు.

* పేర్లు, పోస్టర్లు తెచ్చుకోవడానికి మాత్రం ఇంటర్నెట్ కావాలి. కాసేపు ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే చాలు. ఒకసారి వచ్చాక జెల్లీఫిన్, కోడి లాంటివి నెట్ లేకున్నా ఇంటి వైఫైలో నడుస్తాయి.

* టైటిల్‌లో ఏదైనా వెబ్‌సైట్ పేరు కనిపిస్తే ఆ ఫైల్ పైరసీ కాపీ అయ్యుండొచ్చు. సొంతంగా కొన్న డిస్క్ నుంచి తీసుకున్నది కూడా ఇంట్లో చూసుకోవడానికే పరిమితం చేయండి. కాపీలు పంచడం, అమ్మడం కాపీరైట్ చట్టం ప్రకారం నేరం.

ముందు టెస్ట్, తర్వాత మార్పు. ఈ వరుసలో వెళ్తే ఇంట్లో పెద్దవాళ్లు 'మాయాబజార్' అడిగిన రోజు ఎస్వీ రంగారావు ఘటోత్కచుడే తెర మీదకు వస్తాడు.