ఉస్మానియా సిక్కా నోట్లు: సేకరణ విలువ నిర్ణయంలో చారిత్రక ప్రమాణాలు

1. ఉపోద్ఘాతం:

ఐటీ సంస్థల విస్తరణతో చందానగర్, శేరిలింగంపల్లి పరిసరాలలో పాత ఇళ్ళ స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టె అడుగున నిజాం కాలపు నోటు కనిపిస్తే రెండు పొరపాట్లకు అవకాశం ఉంది. చెల్లని కాగితమని పారవేయడం ఒకటి. పాతది కనుక లక్షలు పలుకుతుందని నమ్మడం మరొకటి. నోటు విలువను దాని వయసు కన్నా, దానిపై ముద్రితమైన ఆధారాలూ దాని భౌతికస్థితీ నిర్ణయిస్తాయని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం:

మొదటి ప్రపంచయుద్ధకాలపు వెండి కొరత హైదరాబాదు రాజ్యంలో కాగితపు ద్రవ్యానికి దారితీసింది. 1918లో 10, 100 రూపాయల నోట్లు, 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1000 రూపాయల నోటు వెలువడ్డాయి. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ ద్రవ్య నిర్వహణను చేపట్టింది. భారత రూపాయితో కలిసి చెలామణి అయిన దశలో 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలకు సమానం. 1959లో హాలీ రూపాయి చెల్లుబాటు ముగిసింది. కనుక ఈ నోటుకు నేడు మారకపు విలువ లేదు. మిగిలింది సేకరణ విలువ మాత్రమే.

3. విలువ నిర్ణయ ప్రమాణాలు:

మొదటిది కాలం. తొలినాటి నోట్లపై ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం తెలుస్తుంది. తరువాతి నోట్లలో అనేకం సంవత్సరం లేనివి. వాటికి ఆర్థికమంత్రి సంతకమే కాలసూచిక. గులాం మహమ్మద్ ఆ తరువాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. జి.ఎస్. మేల్కోటే 1952లో ఏర్పడిన బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో ఆర్థికమంత్రి. ఈ రెండు సంతకాల నడుమ రాజ్యమే మారిపోయింది.

రెండవది అరుదుదనం. సామాన్యుల చేతుల్లో తిరిగిన చిన్న నోట్ల కన్నా 1000 రూపాయల నోటు చాలా అరుదు. అమెరికాలో 1863-1935 మధ్య జాతీయ బ్యాంకులు జారీచేసిన నోట్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడ జారీచేసిన బ్యాంకు, ఊరు విలువను శాసిస్తాయి.

మూడవది స్థితి. మడతలు, చిరుగులు, పిన్ను రంధ్రాలు, చెమ్మ మరకలు విలువను తగ్గిస్తాయి. కడగడం, ఇస్త్రీ చేయడం, టేపు అతికించడం, లామినేషన్ చేయించడం సదుద్దేశంతో చేసినా నష్టమే కలిగిస్తాయి.

4. ముగింపు:

ఈ నోట్లపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలలో విలువ ముద్రితమైంది. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు అక్షరం ఇంటింటికీ ప్రభుత్వ ముద్రతో చేరిన పత్రమిది. ఈ విలువను వేలంపాట లెక్కించదు. నోటు ఏ ఇంట, ఏ పత్రాల మధ్య దొరికిందో అమ్మకానికి ముందే నమోదు చేయకపోతే, నోటు మిగిలినా దాని చరిత్ర మిగలదు.