టర్బో ఇంజను - దానిని అదుపు చేయు విధములు

పెట్రోలు ఇంజనులో శక్తి పుట్టవలెనన్న గాలి, పెట్రోలు, నిప్పురవ్వ - ఈ మూడును తగిన పాళ్ళలో, తగిన క్షణమున కలియవలెను. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా దహనమగుటకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావలెను. సిలిండరులోనికి పెట్రోలును ఎంతయైనను పంపవచ్చును. గాలి సంగతి అట్లు కాదు. పిస్టను క్రిందికి దిగునపుడు వాతావరణ పీడనము ఎంత గాలిని లోనికి తోయునో అంతియే దక్కును. ఈ హద్దును దాటవలెనన్న కోరికయే టర్బోచార్జరును పుట్టించినది. హద్దు దాటిన కారు ఇంజనును సురక్షితముగా నడుపుట ఎట్లు అన్న ప్రశ్నకు సరియైన జవాబు దొరకుటకు మాత్రము డెబ్బది యేండ్లకు పైగా పట్టినది.

ఇంధనములోని ఉష్ణశక్తిలో సుమారు మూడవ వంతు పొగగొట్టము ద్వారా వ్యర్థముగా పోవుచుండును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి ఈ నష్టమును గమనించి 1905లో ఒక పేటెంటు పొందెను. బయటకు పోవు వేడి వాయువులు ఒక టర్బైనును త్రిప్పును. టర్బైనుతో కలిసి తిరుగు సంపీడకము బయటి గాలిని అదిమి సిలిండరులోనికి త్రోయును. ఇదియే ఆయన ఆలోచన. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమానపు ఇంజనును సుమారు 14,000 అడుగుల ఎత్తుగల పైక్స్ శిఖరము మీదికి చేర్చి పరీక్షించెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను, శిఖరము మీది పలుచని గాలిలో 230 మాత్రమే ఇచ్చెను. టర్బోచార్జరు తగిలించిన పిమ్మట 356 ఇచ్చెను.

విమానములలోను, డీసెలు ఓడలలోను రాణించిన ఈ యంత్రము పెట్రోలు కారులలో వెంటనే ఎందుకు స్థిరపడలేదు? సైకిలు పంపును వేగముగా కొట్టిన వానికి ఆ పంపు వేడెక్కుట అనుభవమే. అదిమిన గాలి వేడెక్కును. వేడెక్కిన గాలి, పెట్రోలుతో కలిసి సిలిండరులో మరల అదుమబడును. నిప్పురవ్వతో పుట్టిన మంట క్రమముగా వ్యాపించుచుండగా, ఇంకను మండని మిశ్రమము ఒక మూల అధిక పీడనమునకు గురియై తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమనును. సుత్తితో కొట్టినట్లు ఠకఠకమను శబ్దము వినవచ్చును. దీనినే నాకింగు అందురు. ఇది తీవ్రమై కొనసాగినచో పిస్టనుకు రంధ్రము పడవచ్చును. డీసెలు ఇంజనులో ముందుగా అదుమబడునది గాలి మాత్రమే గనుక ఈ చిక్కు లేదు.

నాకింగును ఆపుటకు నాలుగు ముఖ్యమైన ఉపాయములు కలవు: గాలి ఒత్తిడిని తగ్గించుట, లోనికి వచ్చు గాలిని చల్లార్చుట, పెట్రోలు పాలును పెంచుట, నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా రప్పించుట. తరువాతి చరిత్ర అంతయు ఈ నాలుగింటిని ఎవరు, ఎంత త్వరగా చేయుదురన్న కథయే.

1962లో అమెరికాలో రెండు టర్బో కారులు బజారుకు వచ్చినవి. షెవర్లే వారి కార్వెయిరులో సంపీడన నిష్పత్తిని 8:1కి పరిమితము చేసి జాగ్రత్తపడిరి. ఓల్డ్స్‌మొబీలు వారి జెట్‌ఫైరులో మాత్రము 10.25:1 నిష్పత్తి ఉంచిరి. నాకింగు రాకుండ, స్వేదనజలము, మిథనాలు సమభాగములుగా గల ద్రవమును గాలిలోనికి చిమ్మిరి. ద్రవము ఆవిరియగుటకు గుప్తోష్ణము కావలెను గదా! ఆ వేడిని గాలినుండి గ్రహించి అది గాలిని చల్లబరచును. శాస్త్రము సరియైనదే. కాని డ్రైవరులు ద్రవమును నింపుట మరచుచుండిరి. ద్రవము లేనపుడు ఒక కవాటము గాలిని తగ్గించి ఇంజనును కాపాడెడిది. దానితో కారు చప్పబడెడిది. 1963తో ఆ కారు తయారీ ముగిసినది. 1965లో కోరిన యజమానులకు టర్బోచార్జరును తీసివేసి మామూలు కార్బురేటరును ఉచితముగా అమర్చి ఇచ్చిరి. ఇంజను క్షేమము మనుష్యుని జ్ఞాపకశక్తిపై ఆధారపడరాదని ఈ ఉదంతము నేర్పినది.

ఆ బాధ్యతను వహింపగల ఎలక్ట్రానిక్ విద్య అప్పటికి శైశవములో ఉన్నది. అమెరికాలో బెండిక్స్ సంస్థ పెట్రోలును విద్యుత్కవాటములతో చిమ్ము ఏర్పాటును రూపొందించగా, 1958లో క్రైస్లరు వారు కొద్ది కారులలో దానిని అమర్చిరి. అది నిలువలేదు. ఆ పేటెంటుల ఆధారముతో జర్మనీలోని బాష్ సంస్థ 1967లో డీ-జెట్రానిక్ అను పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశపెట్టెను. గాలిగొట్టములోని పీడనమును కొలిచి, దానికి తగినంతసేపు పెట్రోలు కవాటమును తెరచుట అందలి మర్మము. 1976లో పొగలోని ఆక్సిజనును కొలుచు లాంబ్డా పరికరము వోల్వో కారులలో కనిపించెను. 1979లో బాష్ వారి మోట్రానిక్ పెట్రోలును, నిప్పురవ్వను ఒకే నియంత్రకము క్రిందికి తెచ్చెను.

తుదకు స్వీడనులోని సాబ్ సంస్థ, 1982 నాటి కారులలో, నాకింగు శబ్దమును వినగల చెవిని ఇంజనుకు అమర్చెను. సిలిండరు దిమ్మెకు బిగించిన చిన్న పరికరము ఆ ప్రకంపనమును పసిగట్టగానే, నియంత్రకము ఒక కవాటము ద్వారా టర్బో ఒత్తిడిని తగ్గించెడిది. పెట్రోలు నాణ్యమైనదైనచో ఒత్తిడిని పెంచెడిది. జెట్‌ఫైరు డ్రైవరు మరచిన పని యంత్రమునకు అప్పగింపబడినది.

ఈ పని ఎంత సూక్ష్మమైనదో విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 6,000 సార్లు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకు ఒకసారి గాలిని పూర్తిగా నింపుకొన్నచో నిమిషమునకు 6,000 లీటర్లు, అనగా సుమారు 7.2 కిలోల గాలి కావలెను. టర్బోచార్జరు గాలి సాంద్రతను రెట్టింపు చేసినచో అది 14.4 కిలోలగును. గాలి, పెట్రోలు 12:1 పాళ్ళలో నుండవలెనన్న నిమిషమునకు 1.2 కిలోల పెట్రోలు వలయును. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క పర్యాయమునకు వచ్చునది గ్రాములో పదవ వంతు. ఒక పర్యాయమునకు పట్టు కాలము సెకనులో 50వ వంతు. నిప్పురవ్వ ఒక డిగ్రీ తప్పుటయనగా సెకనులో 36,000వ వంతు తప్పుటయే!

కర్మాగారమునుండి వచ్చిన నియంత్రకములోని పట్టికలు ఆ ఇంజనుకే సరిపడును. యజమాని టర్బోచార్జరును మార్చినను, క్రొత్తగా తగిలించినను, ఆ పట్టికలు నిరర్థకమగును. ఇట్టివారి కొరకు, ముఖ్యముగా పందెపు కారుల కొరకు, విడిగా అమ్ము నియంత్రకములు వెలసినవి. ఆస్ట్రేలియాలో హాల్‌టెక్ 1986లోను, మోటెక్ 1987లోను ఆరంభమైనవి. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగు, ఆల్ గ్రిప్పో అనువారు, ఔత్సాహికులు తామే సోల్డరు చేసికొనగల మెగాస్క్విర్టును రూపొందించిరి.

వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? పై చరిత్రయే ప్రశ్నలను అందించుచున్నది. బూచి యంత్రము పంపు ఒత్తిడిని పూర్తిగా కొలువగలదా? వాతావరణ పీడనము వరకే కొలుచు పరికరము టర్బో ఇంజనుకు పనికిరాదు. గాలి వేడిమిని గమనించి పెట్రోలును, నిప్పురవ్వను సవరించునా? ఇంజను ఇరుసు ఏ స్థానమున ఉన్నదో తెలుపు సంకేతమును సరిగా చదువగలదా? నాకింగును వినగలదా? ఒత్తిడి మితిమీరినపుడు, పెట్రోలు పాలు తగ్గినపుడు తానై ఇంజనును నిలుపగలదా? జరిగినదానిని నమోదు చేసి చూపగలదా? వీనికి తోడు మరియొక ప్రశ్న కలదు: దాని పట్టికలను ఓపికగా, కొలతలతో పూరింపగల నిపుణుడు సమీపమున ఉన్నాడా? నేర్పరి చేతిలోని సాధారణ నియంత్రకము, తప్పుడు అంకెలతో నిండిన ఖరీదైన నియంత్రకముకంటె మేలు. బహిరంగ మార్గములపై తిరుగు కారైనచో పొగకు సంబంధించిన చట్టములను కూడ అది తృప్తిపరచవలెను.

జెట్‌ఫైరు సీసా ఖాళీయైనపుడు కారు శక్తి మాత్రమే తగ్గెడిది, ఏలయన దాని రూపకర్తలు మరపును ముందుగానే ఊహించి ఒక కవాటము నుంచిరి. క్రొత్త నియంత్రకమును కొనువాడు మొదట వెదకవలసినది ఆ కవాటమువంటి రక్షణనే. ఎక్కువ అశ్వశక్తి తరువాతి మాట.