వెల్డింగ్ పొగ కొలత: జగ్గయ్యపేట, నందిగామ

వెల్డింగ్ పొగలోని మాంగనీస్, క్రోమియం, నికెల్ కార్మికుడి ఊపిరిలోకి ఎంత చేరుతున్నాయో లెక్కగట్టడమే ఈ కొలత. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ పొగను క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. 65వ నంబరు జాతీయ రహదారిపైని జగ్గయ్యపేట, నందిగామల్లో ట్రాక్టర్ ట్రక్కులు, గేట్లు అతికే షెడ్లు ఆరుబయటే కదా, పొగ గాలికి పోతుందనవచ్చు. కానీ వంగి అతికేవాడి ముఖం పొగ దారిలోనే ఉంటుంది. అందుకే ఫిల్టర్‌ను గోడకు కాక చొక్కా కాలరుకు తగిలించి, నడుముకు కట్టిన చిన్న పంపుతో నిమిషానికి సుమారు 2 లీటర్ల గాలి లాగి, ఫిల్టర్‌పై చేరిన లోహాన్ని ప్రయోగశాలలో తేలుస్తారు.

రక్తపరీక్ష చాలదా అంటే, మాంగనీస్ విషయంలో అది నమ్మదగిన లెక్క ఇవ్వదు. ఇక ఈ షెడ్లకు చట్టం వర్తింపు చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట కనీసం 10 మంది ఉంటేనే కర్మాగారంగా గుర్తించింది. ఇద్దరు ముగ్గురి షెడ్డు ఆ లెక్కలోకి రాలేదు. పొగకు మాత్రం ఆ తేడా తెలియదు.