అరకు కాఫీ తోటల్లో ఒక రోజు: యాత్రకు ముందు తెలుసుకోవాల్సినవి

విశాఖపట్నం నుంచి అరకు లోయకు వెళ్లేవారిలో చాలామంది బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం చూసి వెనుదిరుగుతారు. ఘాట్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న కాఫీ తోటలు, మిరియాల పాదులు, వలిసె చేలు వాహనం కిటికీలోంచి కనిపించి మాయమవుతాయి. ఆ తోటల్లో అడుగుపెట్టి, పంట సంగతులు రైతు నోటే వినాలనుకునే వారికి ఒక రోజు సరిపోతుంది. అయితే రైతుకు అది పనిరోజు. ఆయన పనిని బట్టి సందర్శన వేళలు నిర్ణయించుకుంటేనే యాత్ర ఇరువైపులా సంతృప్తినిస్తుంది.

వ్యవసాయ పర్యాటకం దేశానికి కొత్త కాదు. మహారాష్ట్ర 2020లో దీనికోసం ప్రత్యేక విధానాన్నే ఆమోదించింది. అక్కడి బారామతి పరిసరాల్లో పొలాలు అతిథులను ఆహ్వానించే ఏర్పాట్లతో ఉంటాయి. అరకు ప్రాంతంలోని చిన్న తోటల్లో అలాంటి సదుపాయాలు అన్నిచోట్లా ఉండవు. అందువల్ల ముందస్తు సన్నాహం మరింత అవసరం.

ఎవరి భూములు?

అరకు లోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాకు పాడేరు కేంద్రం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతం. ఇక్కడి భూములను గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1/70గా పేరొందిన చట్టం నిషేధిస్తోంది. కాబట్టి దారి పక్కన కనిపించే చిన్న తోటలు చాలావరకు ఆదివాసీ కుటుంబాల జీవనాధారం. కంచె లేనంత మాత్రాన తోట అందరిదీ కాదు.

సిల్వర్ ఓక్ చెట్ల నీడలో అరబికా కాఫీని పెంచడం, అదే చెట్లకు మిరియాల తీగలను పాకించడం ఇక్కడి సాగు పద్ధతి. ఒకే నేలలో రెండు పంటలు దక్కుతాయి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఏ నెలలో వెళ్లాలి?

ఏం చూడాలనుకుంటున్నారన్నదే నెలను నిర్ణయిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి వానలు పడితే కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి. ఆ పూత కొద్ది రోజులే నిలుస్తుంది. వానను బట్టి తేదీ మారుతుంది కనుక పూత కోసం వెళ్లేవారు స్థానికులను అడిగాకే బయలుదేరాలి.

నవంబరు నుంచి జనవరి వరకు పండ్ల కోత ముమ్మరంగా సాగుతుంది. కొమ్మ మీది పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రబారిన వాటినే ఏరి, అదే మొక్క దగ్గరకు మళ్లీ మళ్లీ రావాలి. అయిదారు కిలోల పండ్ల నుంచి దాదాపు ఒక కిలో గింజలు మాత్రమే వస్తాయి. పసుపు పచ్చని వలిసె పూలు, వరి కోతలు కూడా నవంబరు, డిసెంబరు నెలల్లోనే కనిపిస్తాయి. కోత కాలం ముగుస్తుండగా మిరియాల సేకరణ మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు ఎక్కువ. అప్పుడు తోట బాటలు జారుతాయి, ఘాట్ రోడ్డుపై కొండచరియలు విరిగిపడే ప్రమాదమూ ఉంటుంది.

అనుమతి ఎలా?

కనీసం వారం ముందు తోట యజమానితో మాట్లాడుకోవడం మంచిది. పరిచయస్తులు లేనివారు అరకు, అనంతగిరి ప్రాంతాల్లో బస చూపే స్థానికుల ద్వారా గానీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా గానీ ప్రయత్నించవచ్చు. ఎంతమంది వస్తున్నారు, ఎంతసేపు ఉంటారు, భోజనం కావాలా అన్న విషయాలు ముందే చెప్పాలి. ఆరుగురికి మించితే ఇరుకైన తోట బాటల్లో నడవడం కష్టం. కొన్ని గ్రామాల్లో పెద్దలు తెలుగు కంటే ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో సులువుగా మాట్లాడతారు. స్థానిక యువకుడినో యువతినో మార్గదర్శిగా తీసుకుంటే మాట కలుస్తుంది.

రోజు ఎలా గడపాలి?

విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ మలుపుల వల్ల మూడు గంటలకు పైగా పడుతుంది. కిరండూల్ వెళ్లే ఉదయపు రైలు సొరంగాలు దాటుతూ దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఆ దారి అందమైనదే గానీ, మధ్యలో తోటల వద్ద ఆగాలనుకునే వారికి రోడ్డు మార్గమే అనువు.

ఉదయం ఆరు గంటలకల్లా బయలుదేరితే శృంగవరపుకోట మీదుగా తొమ్మిదికి ముందే అనంతగిరి చేరవచ్చు. తొమ్మిది నుంచి పదకొండు వరకు కాఫీ తోటలో గడపవచ్చు. కోత కాలంలో రైతు కుటుంబం అప్పటికే పనిలో ఉంటుంది. వారి పక్కన నిలబడి చూడాలి, అడిగితే చేయి కలపాలి. పచ్చి కాయలు తెంపితే ఆ మేరకు నష్టం రైతుదే.

మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం, ఆ తర్వాత సుంకరమెట్ట, అరకు మధ్య ఏదైనా వరి లేదా వలిసె చేను చూడవచ్చు. దారిలో వారపు సంత పడితే గంటసేపు ఆగవచ్చు. ఏ ఊరి సంత ఏ రోజో ముందే కనుక్కోవాలి. ఒక రోజులో రెండు తోటలు, ఒక సంత చాలు. అంతకు మించితే ఎక్కడా నింపాదిగా మాట్లాడే వీలుండదు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు వాలుతుంది, ఘాట్‌లో పొగమంచూ కమ్ముతుంది. మూడున్నరకు, ఆలస్యమైనా నాలుగుకల్లా తిరుగు ప్రయాణం కట్టాలి.

తోటకు హాని చేయకుండా

సందర్శకులు తప్పక గుర్తుంచుకోవాల్సిన విషయం కాయ తొలిచే పురుగు. బెర్రీ బోరర్‌గా పిలిచే ఈ చిన్న పెంకు పురుగు పండులోకి చొరబడి గింజలోనే గుడ్లు పెడుతుంది. మన దేశంలో దీన్ని తొలిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో గుర్తించారు. 2025 ఆగస్టులో అరకు ప్రాంతంలోనూ బయటపడింది. సోకిన తోటల్లో కాయలు కోయించి నాశనం చేయించాల్సి వచ్చింది. ఏడాది కష్టం అలా చేజారితే చిన్న రైతు కోలుకోవడం సులభం కాదు.

పురుగు పట్టిన కాయలు, గింజలు, గోతాల ద్వారా ఇది ఒక చోటి నుంచి మరో చోటికి చేరుతుంది. కనుక ఒక తోటలోని కాయను జ్ఞాపికగానైనా జేబులో వేసుకోకూడదు. రెండో తోటలోకి వెళ్లే ముందు సంచులు దులుపుకోవాలి, చెప్పుల మట్టి వదిలించుకోవాలి. ఇతర కాఫీ ప్రాంతాల నుంచి పచ్చి గింజలు తీసుకురాకూడదు. పురుగు ఉన్నట్లు తెలిసిన తోటకు వెళ్లకపోవడమే మేలు.

వలిసె చేలల్లో ఫొటోల కోసం పంటను తొక్కడం మరో సమస్య. కొన్నిచోట్ల రైతులు చిన్న రుసుము తీసుకుని గట్టు మీదకు రానిస్తారు. దాన్ని బేరమాడకుండా చెల్లించడం న్యాయం. మనుషుల ఫొటోలు, ముఖ్యంగా మహిళలవి, పిల్లలవి, అడగకుండా తీయకూడదు.

డబ్బు, కొనుగోళ్లు

కోత రోజుల్లో రైతు అతిథులతో గడిపే రెండు గంటలు ఆ మేరకు కోయని పండ్లతో సమానం. కాబట్టి సమయానికి, భోజనానికి ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుని, నేరుగా ఆ కుటుంబం చేతిలో పెట్టాలి. సిగ్నల్ అందని ఊళ్లలో ఫోన్ చెల్లింపులు కుదరవు, చిల్లర నోట్లు దగ్గరుండాలి. మిరియాలు, పసుపు, రాజ్మా, చోళ్లు వంటివి ఉంటే తోటలోనో సంతలోనో కొనవచ్చు. వేయించిన కాఫీ పొడిని గిరిజన సహకార సంస్థ విక్రయ కేంద్రాల్లో తీసుకోవచ్చు.

తాగునీరు, మడమ కప్పే బూట్లు, చలికాలంలో ఉన్ని దుస్తులు, చెత్త వెనక్కి తెచ్చుకునే సంచి వెంట ఉండాలి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం రైతుకు మరోసారి ఫోన్ చేయాలి. వాన వల్లనో, కూలీలు దొరకకో ఆయన వద్దంటే ఆ మాట మన్నించి మరో రోజుకు వాయిదా వేసుకోవాలి.